పోలీసు బండికి బదులు తెల్ల వ్యాను: అమెరికాలో నిరాయుధ స్పందన బృందాల చరిత్ర

ఆపదలో ఉన్న మనిషి ఫోను చేసినప్పుడు అతని దగ్గరికి ఎవరు వెళ్లాలన్న ప్రశ్న అమెరికాలో 2020 తరువాత పెద్ద రాజకీయ వివాదమైంది. ఆ ఏడాది మే 25న మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో మరణించిన దరిమిలా, మతిస్థిమితం తప్పినవారి వద్దకు, మత్తులో రోడ్డు పక్కన పడి ఉన్నవారి వద్దకు, నిలువ నీడ లేనివారి వద్దకు సాయుధ పోలీసులకు బదులుగా ఆయుధం గానీ అరెస్టు చేసే అధికారం గానీ లేని పౌర సిబ్బందిని పంపాలన్న ప్రతిపాదన ఎన్నో నగరాల్లో చర్చకు వచ్చింది. సమర్థించినవారిలోనూ వ్యతిరేకించినవారిలోనూ చాలామంది ఆ ఆలోచన అప్పుడే పుట్టినట్టు మాట్లాడారు గానీ, చరిత్ర అందుకు భిన్నంగా ఉంది. ఈ పనులను పోలీసులకు ఎవరూ ఆలోచించి అప్పగించలేదు; రాత్రింబవళ్లు మేలుకొని బండి సిద్ధంగా ఉంచుకునే ప్రభుత్వ శాఖ మరొకటి లేకపోవడం వల్ల అవి వారి నెత్తిన వచ్చి పడ్డాయి. అలా వచ్చి పడినవాటిలో కొన్నింటిని ఇంతకుముందే వారి చేతి నుంచి తప్పించి పౌరులకు ఇచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆ మార్పులు నిలిచాయా, కూలిపోయాయా అన్నది వీధిలో ఎదురైన ప్రమాదాన్ని బట్టి కాక, ఖర్చు ఎవరి పద్దులో పడిందన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలింది.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికా నగరంలో పోలీసు స్టేషను నేరస్థులను బంధించే చోటే కాదు, పేదల సత్రం కూడా. పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగేవారు, కొత్తగా ఓడ దిగిన వలసదారులు, ఇల్లు లేని స్త్రీలు చలికాలపు రాత్రుల్లో స్టేషను కింది గదుల్లో చెక్క బల్లల మీద పడుకునేవారు. అమెరికాకు వచ్చిన తొలినాళ్లలో తానే అటువంటి గదిలో ఒక రాత్రి తలదాచుకొని చేదు అనుభవం పొందిన పాత్రికేయుడు జేకబ్ రీస్ ఆ గదుల దుస్థితి మీద ఏళ్ల తరబడి రాయగా, అప్పటి న్యూయార్క్ పోలీసు కమిషనర్ల మండలి అధ్యక్షుడు, తరువాతి కాలంలో దేశాధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ 1896లో వాటిని మూయించాడు. సత్రం బాధ్యత నగరపాలక సంస్థకూ ధర్మసంస్థలకూ పోయింది కానీ, సత్రంలో చోటు దొరకక వీధిలో మిగిలినవారి దగ్గరికి వెళ్లే పని మాత్రం పోలీసుల వద్దే ఉండిపోయింది.

అంబులెన్సు చరిత్ర ఇంకా విచిత్రమైనది. 1960ల నడుమ వరకు అమెరికాలో అంబులెన్సు సేవల్లో దాదాపు సగం అంత్యక్రియలు జరిపించే సంస్థలే నడిపేవి. మనిషిని పడుకోబెట్టి తీసుకుపోగలిగిన పొడవాటి కారు వారి దగ్గరే ఉండటం తప్ప అందుకు వేరే కారణం లేదు. పిట్స్‌బర్గ్ వంటి నగరాల్లో ఆ పని పోలీసు వ్యానులు చేసేవి. వచ్చిన పోలీసులు రోగిని స్ట్రెచరు మీద వేసి, వెనక అతని పక్కన ఎవరూ లేకుండా, ఇద్దరూ ముందు సీట్లలో కూర్చొని ఆసుపత్రికి బండి తోలేవారు. దారిలో శ్వాస ఆగినా, నెత్తురు కారిపోతున్నా చూసే దిక్కు లేదు. రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవారికి అందే చికిత్స ఎంత అధ్వానంగా ఉందో జాతీయ విజ్ఞాన అకాడమీ 1966లో ఒక నివేదికలో ఎండగట్టింది. అదే ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ మాజీ మేయరు, పెన్సిల్వేనియా మాజీ గవర్నరు డేవిడ్ లారెన్స్ ఎన్నికల సభలో కుప్పకూలినప్పుడు ఆయన్ను కూడా పోలీసు వ్యానులోనే తీసుకుపోయారు. ఆసుపత్రిలో గుండె తిరిగి కొట్టుకుంది కానీ మెదడు కోలుకోలేదు. కొద్ది రోజులకు ఆయన మరణించాడు.

ఆయనకు వైద్యం చేసిన పీటర్ సాఫర్ ఆస్ట్రియాలో పుట్టిన మత్తువైద్య నిపుణుడు. ఆగిన శ్వాసను నోటితో ఊది, ఛాతీని నొక్కి ప్రాణం నిలిపే సీపీఆర్ పద్ధతిని రూపొందించినవారిలో ముఖ్యుడు. అదే 1966లో ఉబ్బస తీవ్రమై తన చిన్నారి కూతురిని పోగొట్టుకున్న ఆయన, ఆసుపత్రికి చేరకముందు జరగవలసిన వైద్యం మీద పూర్తిగా దృష్టి పెట్టాడు. ఆయనకు తోడుగా నిలిచినవి ఫిలిప్ హాలెన్ నాయకత్వంలోని మారిస్ ఫాక్ వైద్య నిధి, నల్లజాతి వారికి ఉపాధి చూపే ఫ్రీడమ్ హౌస్ ఎంటర్‌ప్రైజెస్ అన్న సంస్థ. పిట్స్‌బర్గ్‌లోని హిల్ డిస్ట్రిక్ట్ నల్లజాతి వారు ఎక్కువగా ఉండే పేట; 1950ల చివర ఒక క్రీడా మందిరం కోసం అక్కడి కింది భాగాన్ని పడగొట్టి సుమారు 8,000 మందిని ఖాళీ చేయించారు. ఆ పేట నుంచి ఫోను వస్తే పోలీసు వ్యాను ఆలస్యంగా రావడమూ, వచ్చిన పోలీసులంటే పేటవాసులు జంకడమూ మామూలే. అందువల్ల ఆ పేటలోనే, చాలామంది హైస్కూలు చదువు కూడా పూర్తిచేయని, ఉద్యోగాలు దొరకని యువకులను ఎంచుకొని, శరీర నిర్మాణం మొదలు ప్రాణరక్షణ వరకు 300 గంటలపాటు శిక్షణ ఇచ్చి, 1968లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవను రోడ్డు మీదికి తెచ్చారు. ఆసుపత్రికి చేరేలోపే చికిత్స మొదలుపెట్టగల ఇటువంటి శిక్షితులను ఇప్పుడు పారామెడిక్‌లు అంటున్నాము. అమెరికాలో ఆ వృత్తికి పునాది వేసినవారిలో వీరు తొలి వరుసవారు.

మొదటి ఏడాదిలోనే వారు దాదాపు 5,800 కాల్స్‌కు వెళ్లారు. 1970ల తొలినాళ్ల పరిశీలనలో, ప్రాణాపాయంలో ఉన్న రోగులకు ఫ్రీడమ్ హౌస్ సిబ్బంది 89 శాతం సందర్భాల్లో సరైన చికిత్స అందించగా, పోలీసు అంబులెన్సుల విషయంలో అది 38 శాతం దగ్గరే ఆగింది. అయినా మేయరు పీటర్ ఫ్లాహర్టీ ప్రభుత్వం ఆ సేవను హిల్ డిస్ట్రిక్ట్‌కూ చుట్టుపక్కల కొన్ని పేటలకూ పరిమితం చేసి, ఒప్పందపు సొమ్మును సతాయిస్తూ ఇచ్చింది. పేదల పేటకు దొరికే చికిత్స తమకు దొరకడం లేదని శ్వేతజాతి పేటలవారు అడగడం మొదలుపెట్టాక, సేవను విస్తరించే బదులు నగరమే సొంత అంబులెన్సు విభాగాన్ని పెట్టుకొని, 1975 అక్టోబరులో ఫ్రీడమ్ హౌస్‌కు తెరదించింది. చివరి రోజుల్లో దాని వైద్య నిర్దేశకురాలిగా ఉన్న నాన్సీ కారొలైన్ పట్టుబట్టడం వల్ల పాత సిబ్బందిని కొత్త విభాగంలోకి తీసుకున్నారు కానీ, పరీక్షల పేరుతోనూ, కింది పనులకు నెట్టడం ద్వారానూ వారిలో చాలామందిని కొన్నేళ్లలోనే బయటికి పంపేశారు. వారితో కలిసి పనిచేసి తాను గడించిన అనుభవంతో కారొలైన్ రాసిన పాఠ్యక్రమమే దేశమంతటా పారామెడిక్‌ల చదువుకు ఆధారమైంది. పద్ధతిని ఉంచుకొని దాన్ని కనిపెట్టినవారిని పంపేయడం ఏ పాలనా యంత్రాంగానికైనా కష్టమైన పని కాదని ఈ ఉదంతం చూపుతుంది.

ఇదే కాలంలో రెండు మార్పులు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండానే, పోలీసుల పనిని మళ్లీ పెంచాయి. నేరాల నివారణపై అధ్యక్షుడు నియమించిన సంఘం 1967లో దేశమంతటికీ ఒకే అత్యవసర నంబరు ఉండాలని సూచించింది; 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో తొలి 911 కాల్ మోగింది. ఒకే నంబరు వచ్చాక మంట, గుండెపోటు, దొంగతనం మాత్రమే కాక పక్కింటి అరుపులు, బస్టాపులో తనలో తాను మాట్లాడుకుంటున్న మనిషి, ఇంటికి రాని కొడుకు కూడా అదే తీగ మీద రావడం మొదలైంది. ఫోను ఎత్తే గది చాలా నగరాల్లో పోలీసు శాఖ కింద ఉండటం వల్ల, ఏ గాటనా కట్టలేని ప్రతి కాల్‌కూ పోలీసు కారే సమాధానమైంది. రెండోది మానసిక వైద్యశాలల మూత. 1955లో ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో 5 లక్షల 50 వేలకు పైగా రోగులు ఉండేవారు. కొత్త మందులు రావడమూ, ఆ వైద్యశాలల దుర్భర పరిస్థితి బయటపడటమూ కలిసి వారిని విడుదల చేసే ఉద్యమానికి ఊపిరి పోశాయి. 1963లో అధ్యక్షుడు కెనడీ సంతకం చేసిన చట్టం వారికోసం ఊరూరా సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రాలు కడతానని మాట ఇచ్చింది. అనుకున్న 1,500 కేంద్రాల్లో దాదాపు సగమే కట్టారు. వైద్యశాల తలుపులు మూసుకున్నాయి, కేంద్రాల తలుపులు తెరుచుకోలేదు, నడుమ వీధి మిగిలింది.

ఆ వీధిలో జరిగిన ఒక కాల్పుల ఘటన మెంఫిస్ నగరాన్ని కదిలించింది. 1987లో కత్తితో తనను తాను గాయపరచుకుంటున్న ఒక మానసిక రోగి కోసం కుటుంబం 911కు ఫోను చేయగా, వచ్చిన పోలీసులు అతన్ని కాల్చి చంపారు. మరుసటి ఏడాది ఆ నగరం ఎంపిక చేసిన పోలీసులకు మానసిక వ్యాధుల గురించీ, ఉద్రేకాన్ని మాటలతో చల్లార్చడం గురించీ 40 గంటల శిక్షణ ఇచ్చి ప్రత్యేక బృందాన్ని ఏర్పరచింది. మెంఫిస్ నమూనాగా పేరుపడ్డ ఈ పద్ధతి వేలాది ఊళ్లకు పాకింది. పోలీసుతోపాటు ఒక మనస్తత్వ నిపుణుణ్ణి అదే కారులో పంపే జంట స్పందన పద్ధతి కూడా ఇదే ఆలోచనకు కొనసాగింపు. వీటివల్ల మేలు జరగలేదని అనలేము. కానీ రెండింటిలోనూ వచ్చేది పోలీసే, నడుముకు తుపాకీ ఉండేదే. ఎవరు వెళ్లాలన్న ప్రశ్నను ఈ పద్ధతులు పోలీసులు ఎలా వెళ్లాలన్న ప్రశ్నగా మార్చాయి.

అసలు ప్రశ్నకు జవాబు పశ్చిమ తీరాన ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ అనే విశ్వవిద్యాలయ పట్టణం నుంచి వచ్చింది. అది 1960లలో హిప్పీలకు ఆలవాలమైన ఊరు. ఒరెగాన్‌లోని మానసిక వైద్యశాలను నేపథ్యంగా తీసుకొని 1962లో 'వన్ ఫ్లూ ఓవర్ ది కుకూస్ నెస్ట్' నవల రాసిన కెన్ కీసీ ఆ ఊరి పొలిమేరల్లోనే నివసించేవాడు. మాదక ద్రవ్యాలు వికటించి భయంతో ఒణికిపోయే యువకులు పోలీసుల దగ్గరికీ వెళ్లలేక, ఆసుపత్రికీ వెళ్లలేక అల్లాడుతున్న రోజుల్లో వారికోసం పుట్టినదే వైట్ బర్డ్ క్లినిక్. అధికార శ్రేణి లేకుండా అందరూ కూర్చొని నిర్ణయాలు తీసుకునే సమష్టి సంస్థ అది; కేకలు వేయకుండా, బెదిరించకుండా, పక్కన కూర్చొని భయం తగ్గేదాకా మాట్లాడటం దాని సిబ్బంది అలవర్చుకున్న విద్య. ఆ విద్య పోలీసుల కంట పడటానికి ఇరవై ఏళ్లు పట్టింది. చివరకు 1989 జులై 4న నగరం పోలీసు శాఖ ద్వారా నిధులు ఇచ్చి, వైట్ బర్డ్ మనుషులను వ్యానులో వీధుల్లోకి పంపే కాహూట్స్ అన్న సేవను మొదలుపెట్టింది. పోలీసులంటే గిట్టని క్లినిక్కూ, హిప్పీలంటే గిట్టని పోలీసు శాఖా ఒకే పద్దు కింద పనిచేయడం ఆ రోజుల్లో ఇరువైపులవారికీ కాస్త ఎబ్బెట్టుగానే ఉండి ఉంటుంది.

కాహూట్స్ పని తీరు నిరాడంబరంగా ఉండేది. తెల్ల వ్యానులో ఇద్దరు ఉండేవారు: ఒకరు నర్సు లేదా అత్యవసర వైద్య శిక్షణ పొందిన వ్యక్తి, మరొకరు సంక్షోభ కార్యకర్త, అంటే మానసికంగా కుంగినవారితోనూ ఉద్రేకంలో ఉన్నవారితోనూ మాట్లాడటంలో ఆరితేరిన వ్యక్తి. యూనిఫాం ఉండేది కాదు, జీన్సు ప్యాంటూ, మామూలు చొక్కా. వ్యానులో ప్రథమ చికిత్స సామగ్రితోపాటు దుప్పట్లు, పొడి సాక్సులు, తాగునీరు, తినుబండారాలు ఉండేవి. 911 గదిలో ఫోను ఎత్తి, విషయం విని, ఎవరిని పంపాలో నిర్ణయించే ఉద్యోగిని డిస్పాచర్ అంటారు; ఆ డిస్పాచర్ పోలీసులు వాడే రేడియో మీదే కాహూట్స్ వ్యానును పిలిచేవాడు. వారు వెళ్లేది ఎక్కువగా ఆత్మహత్య తలపులున్నవారి, మత్తులో ఉన్నవారి, చలిలో వణుకుతున్నవారి దగ్గరికి, లేదా ఫలానా మనిషి క్షేమంగా ఉన్నాడో లేదో చూసి రమ్మని బంధువులు కోరిన ఇళ్లకు. ఆయుధం ఉన్నచోటికీ, హింస జరుగుతున్నచోటికీ వారు వెళ్లేవారు కాదు. అన్నిటికంటే ముఖ్యమైన పరిమితి మరొకటి ఉండేది: ఎవరినీ బలవంతంగా ఆసుపత్రికి తరలించే చట్టబద్ధ అధికారం వారికి ఉండేది కాదు. అందువల్ల ఎదుటి మనిషి సరేననడం తప్ప వారి చేతిలో మరో సాధనం ఉండేది కాదు, వారి నేర్పంతా అక్కడే పుట్టింది. పోలీసుకు బలప్రయోగం ఎప్పుడూ చివరి మెట్టుగా మిగిలే ఉంటుంది కాబట్టి మాటలు విఫలమైనా పని ఆగదు. వీరికి మాటలు విఫలమైతే ఇంకా మాట్లాడాలి, లేదా వెనుదిరగాలి, లేదా పోలీసును పిలవాలి అన్నట్టుండేది.

పక్క ఊరైన స్ప్రింగ్‌ఫీల్డ్‌కు 2015లో విస్తరించిన ఈ సేవ 2019లో సుమారు 24,000 కాల్స్‌కు స్పందించింది. పోలీసు సాయం కోరవలసి వచ్చిన సందర్భాలు అందులో 2 శాతం లోపే. ఏడాది ఖర్చు 21 లక్షల డాలర్లకు అటూఇటూ. రెండు ఊళ్ల పోలీసు శాఖల బడ్జెట్టు కలిపి సుమారు 9 కోట్ల డాలర్లు. 2020లో దేశమంతా ఈ అంకెలనే పదేపదే ఉటంకించింది. యూజీన్‌కు వచ్చే కాల్స్‌లో 17 శాతం కాహూట్స్ చూసుకుంటున్నదన్న వాదనను మాత్రం అక్కడి పోలీసు శాఖ తన విశ్లేషణతో ఖండించింది: వాటిలో చాలా భాగం వాహనంలో దించిరావడం వంటి, పోలీసులు అసలెన్నడూ వెళ్లని పనులనీ, నిజంగా పోలీసుల నుంచి మళ్లినవి 5 నుంచి 8 శాతమేననీ దాని లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడానికి కారణం కనిపించదు. అయితే అది కాహూట్స్ విలువను తగ్గించినట్టూ కాదు. ఇంతకుముందు ఎవరూ వెళ్లని మనిషి దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లడాన్ని పోలీసు ఖర్చులో ఆదాగా చూపబోవడమే సమర్థకులు చేసిన పొరపాటు. పోలీసు బడ్జెట్టు మీద పోరుగా మొదలైన చర్చలో అన్ని లెక్కలూ ఆ బడ్జెట్టు చుట్టూనే తిరిగాయి.

2020 తరువాత అనుకరణలు వెల్లువెత్తాయి. వాటన్నిటిలో ఎక్కువ పరిశీలనకు గురైనది డెన్వర్ నగరంలోని స్టార్ బృందం. ఫ్లాయిడ్ మరణించిన వారానికి, జూన్ 1న అది మొదలైంది కానీ, దానికి సన్నాహాలు యూజీన్‌ను చూసి ముందు ఏడాదే ప్రారంభమయ్యాయి. ఒక మానసిక ఆరోగ్య నిపుణుడు, ఒక పారామెడిక్, ఒక వ్యాను. తొలి ఆరు నెలల్లో 748 కాల్స్, ఒక్క అరెస్టూ లేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ బృందం తిరిగిన ప్రాంతంలో చిన్న నేరాల నమోదు 34 శాతం తగ్గింది. అరెస్టు చేసేవారు రాకపోతే నేరంగా నమోదయ్యేవీ తగ్గుతాయి కాబట్టి ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. హింసాత్మక నేరాలు పెరిగిన జాడ మాత్రం ఆ అధ్యయనానికి కనిపించలేదు. న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీ మరో దారి తొక్కి, స్వచ్ఛంద సంస్థకు ఒప్పందం ఇవ్వడానికి బదులు పోలీసు, అగ్నిమాపక శాఖల సరసన మూడో శాఖగా సామాజిక భద్రతా విభాగాన్ని నెలకొల్పింది; దాని బృందాలు 2021లో వీధుల్లోకి వచ్చాయి. న్యూయార్క్ అదే ఏడాది మొదలుపెట్టిన ప్రయోగంలో మాత్రం మానసిక ఆరోగ్య సంబంధమైన కాల్స్‌లో పెద్ద భాగం అప్పటికీ పోలీసులకే చేరింది. వెళ్లే బృందం ఎంత మంచిదైనా, ఏదైనా జరగరానిది జరిగితే నింద తన మీదికి వస్తుందని భయపడే డిస్పాచర్ పోలీసునే పంపుతాడు.

తెలుగు నేలకు ఈ చరిత్రతో సంబంధం అంబులెన్సు వైపు నుంచి ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలయ్యే వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రోడ్డు ప్రమాద బాధితుణ్ణి చేర్చింది ఆటోవాలో, లారీ డ్రైవరో, పోలీసు జీపో. కేసు భయంతో ముట్టుకోకుండా వెళ్లిపోయినవారూ తక్కువ కాదు. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం ఆ సేవ కోసం నెలకొల్పిన సంస్థ 2009లో సత్యం కుంభకోణం బయటపడినప్పుడు కూలిపోలేదు. నడిపే ఖర్చులో అత్యధిక భాగం అప్పటికే ప్రభుత్వ పద్దులోకి రావడం వల్ల యాజమాన్యం జీవీకే సంస్థకు మారినా 108 కూత ఆగలేదు. మానసిక సంక్షోభానికి మాత్రం అటువంటి బండి ఇంకా రాలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వీధిలో తిరుగుతున్న రోగిని రక్షణలోకి తీసుకొని ఆసుపత్రికి చేర్చే బాధ్యతను స్టేషను అధికారికే ఇచ్చింది. అంటే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకో విశాఖపట్నం వైద్యశాలకో ఆ ప్రయాణం పోలీసుల చేతుల మీదుగానే సాగుతుంది. 2022 అక్టోబరులో వచ్చిన టెలీ మానస్ అన్న ఫోను సేవ సలహా ఇవ్వగలదు, గుమ్మం దాకా రాలేదు.

అమెరికాలో 2021 నాటి సహాయ చట్టం సంచార సంక్షోభ బృందాల ఖర్చులో 85 శాతాన్ని మొదటి మూడేళ్లపాటు మెడికెయిడ్ ద్వారా, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా ద్వారా భరిస్తామని రాష్ట్రాలకు ఆశ చూపింది. ఆ నిబంధనకు మూలమైన బిల్లుకు ఒరెగాన్ సెనేటరు రాన్ వైడెన్ కాహూట్స్ పేరే పెట్టాడు. 2022 జులై 16న ఆత్మహత్య తలపులకూ మానసిక సంక్షోభానికీ 988 అన్న ప్రత్యేక నంబరు కూడా వచ్చింది. విచిత్రమేమంటే ఆ కొత్త డబ్బు మాతృ సంస్థను బతికించలేకపోయింది. యూజీన్ ఉన్న లేన్ కౌంటీ, అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం, 2024లో సొంత సంచార బృందాన్ని మొదలుపెట్టింది. ఆర్థికంగా చితికిపోయిన వైట్ బర్డ్ సిబ్బందిని తగ్గించుకుంటూ వచ్చి, 2025 ఏప్రిల్ 7న యూజీన్‌లో కాహూట్స్‌ను నిలిపివేసింది. అప్పటికి ఆ సేవ వయసు 35 ఏళ్లు దాటింది. అందులో పనిచేసినవారు వీధిలో ప్రాణాపాయానికి భయపడి మానేయలేదు. జీతాలకు డబ్బు లేకపోయింది. కౌంటీ బృందానికి మెడికెయిడ్ చెల్లించేది మానసిక సంక్షోభానికీ, మత్తు పదార్థాల వల్ల తలెత్తే సంక్షోభానికీ. తడిసిన సాక్సులు మార్చి, రాత్రి ఆశ్రయం దగ్గర దించి వచ్చే పనిని ఆ బిల్లులో ఏ వరుసలోనూ చూపడానికి వీల్లేదు.